చివరి వరుసలో ఏడు బిళ్ళలు

మే 11

నా కూతురు బతికింది. దానికో కూతురు పుట్టింది. ఆ కూతురు ఈ పొద్దున నన్ను చూసి నవ్వింది. ఈ మూడూ ఒక్కచోట రాసుకోవాలని మూడు నెలలుగా కాచుకుని కూర్చున్నాను.

అది నవ్వు కాదట, కడుపులో గాలట. అల్లుడి మాట. లిఫ్టులు బాగుచేసేవాడికి నవ్వుల గురించి ఏం తెలుసు? నాకు తెలుసు. నా చూపుడువేలు పట్టుకుని, పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది. ఇక నుంచి దాని పేరు దొరసాని. ఇంట్లో అందరికీ హుకుం జారీ చేసేది అదే కాబట్టి ఆ పేరు అడ్డు లేకుండా ఖాయమైంది.

నా పెట్టె, చాప, కళ్ళద్దాలు అన్నీ తెచ్చేసుకున్నాను. "ఎన్నాళ్ళుంటావు నాన్నా?" అని అడిగింది అమ్మలు. "దొరసాని పొమ్మనేదాకా" అన్నాను.

మే 12

ఫ్యాక్టరీ వాళ్ళు రిటైరైన రోజు ఇచ్చిన డైరీ ఇది. తొమ్మిదేళ్ళు అట్టపెట్టెలో పడి ఉంది. తారీకులు ఇప్పటివి కావు, కొట్టేసి రాసుకుంటున్నాను.

ఇవాళ నాకో ఉద్యోగం దొరికింది! పొద్దున్న ఆరింటికి అమ్మలుకి మాత్ర ఇవ్వడం. రాత్రంతా పాపకి పాలిచ్చి తెల్లవారుజామున కన్నంటుకుంటుంది దానికి. అల్లుడు ఐదున్నరకే డ్యూటీకి పోతాడు. "ఠంచనుగా ఆరింటికి పడాలి నాన్నా, డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. అలారం మోగితే పాప లేస్తోంది. నువ్వే నా అలారం" అంది. ముప్పై నాలుగేళ్ళు మొదటి షిఫ్టుకి ఒక్క నిమిషం ఆలస్యంగా పోనివాణ్ణి. నాకా చెప్పాలి!

మాత్ర దేనికో అది చెప్పలేదు. నేను అడగలేదు. ఇరవై ఎనిమిది గదుల షీటు, నాలుగు వరుసలు, వరుసకి ఏడు. చూడగానే తెలిసిపోయింది. నా బతుకంతా ఆ షీట్ల ముందే గడిచింది. బెల్టు మీద వెళ్ళే ప్రతి షీటునీ చూసి, ఖాళీ గది ఉంటే తీసి పక్కన పడేసి, బాగున్నదానికి "పాస్" అనడం నా పని. గర్భం రాకుండా వాడే బిళ్ళలు మా మూడో సెక్షన్‌లో తయారయ్యేవి. ఆ పొడి కలిపే గదిలో పనిచేసే మగాళ్ళకి ఛాతీలు ఉబ్బేవి. వాళ్ళని "అమ్మా" అని పిలిచి ఏడిపించేవాళ్ళం. ఆడవాళ్ళ ఒంట్లో పనిచేసే మందు గాలిలో పీల్చినా ఊరుకోదు మరి.

తెలిసిందని అమ్మలుకి చెప్పలేదు. తండ్రికీ కూతురికీ మధ్య ఆ మాట దేనికి?

మే 13

ఆరు. ఇచ్చాను. కళ్ళు తెరవకుండానే నోరు తెరిచింది, చిన్నప్పటిలాగే.

మే 17

అమ్మలు బస్సు కండక్టరు. బస్సంతా వినిపించేలా అరిచే గొంతు దానిది. ఇప్పుడు పాప ఎక్కడ లేస్తుందోనని పిల్లిలా మాట్లాడుతోంది. పసిగుడ్డు ఇంత పెద్ద గొంతునీ అణిచిపెట్టింది చూడు!

ఎడమకాలికి బిగుతు మేజోడు వేసుకునే నడుస్తోంది. కాన్పులో గర్భసంచి చిరిగింది, ఒంట్లో రక్తమంతా పోయింది, ఎక్కించారు, ఆ తర్వాత కాలి నరంలో రక్తం గడ్డకట్టింది. పదకొండు రోజులు ఆస్పత్రి వరండాలోనే ఉన్నాను. పన్నెండో రోజు అల్లుడు వచ్చి, "మావయ్యా, గండం గడిచింది. కానీ రెండేళ్ళ దాకా మళ్ళీ... ఏమీ ఉండకూడదట. ఉంటే ఈసారి దక్కదట" అని గోడవైపు చూశాడు. నేనూ అదే గోడవైపు చూశాను. ఆ గోడ మీద ఏముందో ఇద్దరికీ గుర్తులేదు.

దాని తల్లి కూడా రెండో... ఆ సంగతి రాయను.

మే 18

దొరసాని ఇవాళ బోర్లాపడింది! బోర్లాపడి, ఎవరో తోసినట్టు నన్ను చూసి ఏడ్చింది. ఎంత గొప్ప పని చేసిందో దానికే తెలియదు.

మే 29

అమ్మలు బాగా నలిగిపోయింది. కళ్ళ కింద నల్లటి చారలు. "ఈ మాత్ర వేసుకున్న దగ్గర్నుంచి తల బరువుగా ఉంటోంది నాన్నా. మళ్ళీ పడుకున్నా నిద్ర పట్టట్లేదు" అంది. నా ప్రాణం ఉసూరుమంది. లేపేది నేనే కదా.

జూన్ 2

ఇవాళ లేపలేదు.

కారణం రాసుకుంటాను, తప్పు చేసినట్టు ఉండకూడదు. ఇవాళ్టి నుంచి షీటులో చివరి వరుస. చివరి వరుస ఏడూ ఉత్తి బిళ్ళలు. అందులో మందుండదు. ఇరవై ఒక్క రోజులు మందు, ఏడు రోజులు ఉత్తివి, అలవాటు తప్పకుండా ఉండటానికి. ఈ సంగతి నాకన్నా బాగా తెలిసినవాడు ఈ వీధిలో లేడు. మా దగ్గర ఆ ఏడింటికీ గోధుమరంగు వేసేవాళ్ళు. ఈ కంపెనీవాడు అన్నీ తెల్లవే పెట్టాడు. నేను పనిలో చేరిన కొత్తలో మావీ అన్నీ తెల్లవే, రంగు తర్వాతొచ్చింది. రంగు లేకపోతే కనిపెట్టలేననుకున్నాడేమో పాపం!

ఉత్తి బిళ్ళ కోసం పచ్చి బాలింతని నిద్రలో లేపడం ఎందుకు? రేకు చించి బిళ్ళ తీసి నా కళ్ళద్దాల పెట్టెలో వేశాను. బిళ్ళ నేలపాలు చేయడం నా చేతకాదు. ఎనిమిదింటికి లేచి, "మాత్ర వేశావా నాన్నా?" అంది. "వేశానమ్మా, నిద్రలో మింగేశావు" అన్నాను.

ఎంత తేటగా ఉంది దాని మొహం!

జూన్ 3

రెండు. పిల్ల హాయిగా నిద్రపోయింది.

జూన్ 5

నాలుగు. ఇవాళ అమ్మలు పాట పాడింది. తలనొప్పి లేదట. నేను చేసిందే మందు!

జూన్ 8

కొత్త షీటు తెచ్చాను. పాపకి ముక్కు దిబ్బడేసింది. ఎండ ఎక్కువగా ఉంది. ఇవాళ ఏమీ రాయాలని లేదు.

జూన్ 9

నిన్న రాయనిది ఇవాళ రాస్తాను.

నిన్న ఖాళీ షీటు కాగితంలో చుట్టుకుని మందుల షాపుకి వెళ్ళాను. షాపులో మరెవరూ లేరు. కౌంటరు దగ్గరి అమ్మాయి చెవి మీద పెన్సిలు పెట్టుకుని మందులు సర్దుకుంటోంది. కాగితం విప్పి చూపించాను.

"ఇదేనా పెద్దాయనా? ఒకటి చాలా?"

కొత్తది బల్ల మీద పెట్టింది. నా నోరు ఊరుకుంటేగా! "ఇలాంటివి మేం రోజుకి నలభై వేలు కట్టినవాళ్ళం అమ్మా. చివరి ఏడూ ఎలాగూ ఉత్తివే కదా, వాటికి రేకు కూడా దండగే" అన్నాను.

"దీంట్లో ఉత్తివి లేవండీ."

"నాకు చెబుతున్నావా?"

"మీకే చెబుతున్నాను. మీరు కట్టినవి రెండు మందుల బిళ్ళలు. ఇది ఒక మందు బిళ్ళ. పాలిచ్చే తల్లులకీ, కాలిలో గడ్డకట్టినవాళ్ళకీ ఆ రెండో మందు పనికిరాదు, అందుకే ఇది ఇస్తారు. ఇరవై ఎనిమిదీ మందే. మధ్యలో ఒక్కరోజు కూడా ఆపకూడదు. మూడు గంటలు ఆలస్యమైనా తప్పినట్టే లెక్క. కావాలంటే తిప్పి చదవండి."

తిప్పాను. నా చదువు ఏడో తరగతి. కూడబలుక్కుని చదివాను. అన్నిటిలో మందే అని రాసి ఉంది. ప్రతి గదికీ అదే పేరు, అదే కొలత. రోజుకి నలభై వేల షీట్లు చూసిన కళ్ళు. ఒక్క షీటు వెనక్కి తిప్పి చూడలేదు.

"ఎవరైనా మానేశారా పెద్దాయనా? మానేస్తే ఇవాళే చెప్పండి. ఆలస్యం చేయకండి" అంది.

తల అటూ ఇటూ కాకుండా ఊపి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి అమ్మలు పాపని ఒళ్ళో వేసుకుని ముక్కులో చుక్కలు వేస్తోంది. పాప ఏడుపు ఆగాక చెబుదాం అనుకున్నాను. ఆగింది. అన్నం తిన్నాక చెబుదాం అనుకున్నాను. తింది. అల్లుడు వచ్చాక చెబుదాం అనుకున్నాను. వచ్చాడు, పాపని భుజాన వేసుకుని, అమ్మలు చెవిలో ఏదో అంటే అది పకపకా నవ్వింది. ఆ నవ్వు చూశాక రేపు చెబుదాం అనుకున్నాను.

ఇవాళ ఆరింటికి లేపాను. కొత్త షీటు మొదటి బిళ్ళ ఇచ్చాను. మింగింది. మళ్ళీ పడుకోబోతుంటే, "అమ్మలూ, లేచి కూర్చో" అన్నాను. కళ్ళద్దాల పెట్టె తెరిచి దుప్పటి మీద ఒంపాను.

అది ఒకటి, రెండు అని వేలితో జరిపి ఏడు దాకా లెక్కపెట్టింది. కండక్టరు చెయ్యి కదా, లెక్క తప్పదు.

"ఇవి ఉత్తివనుకున్నానమ్మా. మా ఫ్యాక్టరీలో చివరి వరుస ఉత్తివే. నువ్వు పడుకుంటావని..." అన్నాను.

బిళ్ళలన్నీ కూడదీసి అరచేతిలోకి తీసుకుంది.

"నాన్నా, ఇవి దేనికో నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటిరోజు నుంచి."

"నాకు సిగ్గేసి నీకు చెప్పలేదు."

"నాకు సిగ్గేసి నేనడగలేదు."

"బాగుంది! ఇద్దరి సిగ్గూ కలిసి నా పీకల మీదికి తెచ్చింది" అంది. అని, ఏడ్చింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

అల్లుడికి ఫోన్ చేసింది. ఎక్కడో ఆరో అంతస్తులో ఉన్నాడట, పని వదిలేసి వచ్చాడు. నావైపు చూడలేదు. ముగ్గురం, పాపతో నలుగురం, డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం.

డాక్టరమ్మ మొదట అమ్మలుని, అల్లుణ్ణి లోపలికి పిలిచి ఏవేవో అడిగింది. నేను బయటే ఉన్నాను. తర్వాత నన్ను పిలిపించింది.

"తాతగారూ, మీ ఫ్యాక్టరీ బిళ్ళ తాళం లాంటిది. మూడు వారాలు పడితే లోపల అండం నిద్రపోతుంది. ఏడు రోజులు ఉత్తివి వేసుకున్నా లేవదు. ఈ బిళ్ళ కాపలావాడి లాంటిది. ఇందులో మందు చిటికెడు. అది గర్భసంచి ముఖద్వారం దగ్గర జిగురుని చిక్కగా ఉంచి, దారి మూస్తుంది. ఒక రోజుకి పలచబడుతుంది. కాపలావాడు రోజూ అదే వేళకి డ్యూటీకి రావాలి. మీరు ఏడు రోజులు సెలవిచ్చారు."

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"పాపకి నాలుగు నెలలే. తల్లిపాలు తప్ప మరేమీ పట్టడం లేదు. ఈమెకి ఇంకా నెలసరి మొదలు కాలేదు. పాలిచ్చినన్నాళ్ళూ ఒళ్ళే కొంత కాపలా కాస్తుంది. అది మనకి కలిసొచ్చే సంగతి. అయినా నేను మాటివ్వలేను. మూడు వారాలాగి, ముప్పయ్యో తారీకున పరీక్ష చేసుకోండి. ఈలోగా బిళ్ళ ఆపొద్దు. మొదటి రెండు రోజులూ జాగ్రత్తగా ఉండండి."

ఆ ఆఖరి మాటకి అల్లుడు గోడవైపు చూశాడు. నేనూ చూశాను. ఈసారి గోడ మీద ఏముందో నాకు గుర్తుంది. ఒక గడియారం.

జూన్ 10

ఆరు. ఇచ్చాను. అమ్మలు మింగాక నోరు తెరిచి, నాలుక చాపి చూపించింది. "చూసుకో నాన్నా. చెకింగ్."

నవ్వలేకపోయాను.

జూన్ 11

అల్లుడు మాట్లాడటం లేదు. నేను టీ ఇస్తే తాగుతున్నాడు. కప్పు తనే కడుగుతున్నాడు.

పెట్టె సర్దుకున్నాను. దొరసాని చూసి ఏడ్చింది. మళ్ళీ విప్పేశాను.

జూన్ 12

పొద్దున్న అల్లుడు చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగాడు.

"మావయ్యా, లిఫ్టుకి ఒక్క తాడే ఉంటుందనుకుంటారు జనం. ఒకటి తెగితే పట్టి ఉంచడానికి ఇంకోటుంటుంది. మనింట్లో ఆ రెండో తాడు ఇదిగో" అని నా చంకలో ఉన్న పాప కాలివేలు పట్టి లాగాడు. "పొద్దస్తమానం పాలు తాగి వాళ్ళమ్మని కాస్తోంది. మీరు మొదటి తాడు సరిగ్గా పట్టుకోండి. పెట్టె సర్దకండి."

పెట్టె సర్దడం చూశాడన్నమాట!

వాడు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. ఇలాంటివాణ్ణి నా కూతురు ఎక్కడ పట్టుకుందో. బస్సులోనే. పనిముట్ల సంచి భుజాన వేసుకుని రోజూ ఎక్కేవాడట.

జూన్ 14

రాయనన్నాను. రాస్తాను.

మా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక చెక్కపెట్టె ఉండేది. "కార్మికుల కుటుంబాలకు" అని రాసి ఉండేది దాని మీద. అందులో షీట్లు. అడగక్కర్లేదు, ఎవరూ రాసుకోరు, చెయ్యి పెట్టి తీసుకోవడమే.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి మాట. అమ్మలుకి పదకొండో నెల. నా ఇంటావిడ అన్నం వడ్డిస్తూ, తలెత్తకుండా, "మీ ఫ్యాక్టరీలో ఏవో కడతారటగా" అంది. "ఆఁ, కడతాం" అన్నాను. అంతే. అది అడగడం. నేను జవాబివ్వడం.

ఆ సాయంత్రం గేటు దగ్గర ఆగాను. నా వెనక ఆరుగురున్నారు. అందరూ నా సెక్షన్ వాళ్ళే. చెయ్యి పెడితే ఇక నన్ను ఏడాది ఏడిపిస్తారు. రేపు తీసుకుంటాను అనుకున్నాను. రేపూ ఎవరో ఒకరు వెనకే ఉండేవారు.

రెండో కాన్పులో పోయింది. బిడ్డ కూడా దక్కలేదు.

రోజుకి నలభై వేలు నా కళ్ళ ముందు నుంచి పోయేవి. ఒక్కటి ఇంటికి రాలేదు.

జూన్ 15

ఆరు. ఇచ్చాను.

జూన్ 21

అమ్మలు పొద్దున్న కడుపులో తిప్పుతోందంది. క్యాలెండరు ముందుకెళ్ళి రోజులు లెక్కపెట్టాను. నిన్నటి పాచి రొట్టె తిన్నానంది తర్వాత. రొట్టెకి దణ్ణం పెట్టాలనిపించింది.

జూన్ 26

ఎంత వింత! ఫ్యాక్టరీలో అందరూ మనవలు కావాలనేవాళ్ళే. నేనూ ఇంటినిండా పిల్లలు తిరగాలని కలగన్నవాణ్ణే. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఒకటే కోరిక, ఎవరూ రావద్దు అని. రావాలనుకుంటే తర్వాత రా తల్లీ, రెండేళ్ళు పోయాక. మీ అమ్మని ఉంచు. నీకు కూడా అమ్మ కావాలిగా.

జూన్ 30

ఇవాళ్టి అక్షరాలు వంకర పోయినా ఫరవాలేదు.

ఇవాళ ఆరింటికి ఇచ్చింది ఇరవై రెండో బిళ్ళ. చివరి వరుసలో మొదటిది. దేవుడు కావాలనే ఈ తారీకు పెట్టాడేమో. అమ్మలు మింగి, నాలుక చూపించి, పరీక్ష పెట్టె తీసుకుని బాత్రూములోకి వెళ్ళింది. గొళ్ళెం పెడుతూ, "టికెట్ లేకుండా ఎవరైనా ఎక్కారేమో చూసొస్తాను" అంది. ఆ గొంతు! నాలుగు నెలల తర్వాత కండక్టరు గొంతు. కానీ గొళ్ళెం రెండుసార్లు జారింది.

అల్లుడు సెలవు పెట్టాడు. పాపని ఎత్తుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఐదు నిమిషాలాగాలట. మొదటి నిమిషంలో పాప తుమ్మింది. మూడో నిమిషంలో అల్లుడు నా పక్కనే వచ్చి నిలబడి, పాపని నా చేతుల్లో పెట్టాడు.

తలుపు తెరుచుకుంది.

"ఒకటే గీత" అంది.

"ఒకటంటే?"

"ఎవరూ ఎక్కలేదు నాన్నా. బస్సు ఖాళీ!"

నేనేం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. పాపని పట్టుకునే గుండ్రంగా తిరిగానట. అరిచానట. పక్కింటావిడ కంగారుగా వచ్చి, "ఏమైంది, ఎవరికైనా విశేషమా?" అంది. "ఏ విశేషమూ లేదమ్మా! అదే విశేషం!" అన్నాను. ఆవిడ నన్ను అదోలా చూసి వెళ్ళిపోయింది. ఇంటికి ఇంకో బిడ్డ రావడం లేదని గంతులేసిన ముసలాడు లోకంలో నేనొక్కణ్ణేనేమో!

అల్లుడు నేల మీద కూలబడి నవ్వుతున్నాడు. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి. అమ్మలు వాడి తల మీద చెయ్యేసి నిలబడింది. నా కూతురు. బతికి ఉన్న నా కూతురు.

జూలై 1

పాపని నిద్రపుచ్చాక అమ్మలుకి గేటు దగ్గరి పెట్టె సంగతి చెప్పాను. మొత్తం. ఆరుగురు వెనకున్న సంగతి కూడా. అసహ్యించుకుంటుందనుకున్నాను.

"అమ్మ అడిగిందా నాన్నా?" అంది.

"అడిగింది."

"ఏమని?"

చెప్పాను, మాట పొల్లుపోకుండా. మళ్ళీ చెప్పమంది. తలెత్తకుండా ఎలా అందో, చేతిలో ఏముందో అన్నీ అడిగింది. వాళ్ళమ్మ మాట ఒక్కటైనా దానికి ఇంతకుముందు నేను చెప్పలేదని అప్పుడు తెలిసింది నాకు. తల్లి గొంతు గుర్తులేని పిల్లకి ఇన్నేళ్ళ తర్వాత దొరికింది ఆ ఒక్క వాక్యం.

"ఇంకా ఏమేమి అనేది?" అంది. పాప లేచేదాకా చెబుతూనే ఉన్నాను.

జూలై 6

ఆరు. ఇరవై ఎనిమిదో బిళ్ళ. నాలుక చాపింది. "పాస్" అన్నాను. దొరసాని కూడా వాళ్ళమ్మని చూసి నాలుక బయటపెట్టింది. దానికీ పాస్!

పది గంటలకి కొత్త షీటు కోసం షాపుకి వెళ్ళాను. ఇవాళ రద్దీగా ఉంది. నా వంతు వచ్చేసరికి వెనక్కి తిరిగి లెక్కపెట్టాను. ఐదుగురు. అందులో ఇద్దరు నా వయసు వాళ్ళే, ఒకడు రోజూ పార్కులో పలకరించేవాడు.

ఖాళీ షీటు కాగితంలో చుట్టి తేలేదు. తెరిచి బల్ల మీద పెట్టాను.

"గర్భం రాకుండా వాడే బిళ్ళలు ఇవ్వమ్మా. పాలిచ్చే తల్లులవి. ఇరవై ఎనిమిదిలోనూ మందు ఉండేవి. మా అమ్మాయికి" అన్నాను.

వెనక ఎవరో దగ్గారు. షాపు అమ్మాయి తలెత్తి, "మెల్లగా పెద్దాయనా, అందరికీ వినిపిస్తోంది" అంది నవ్వుతూ.

"విననీ అమ్మా. మూడు గంటలు దాటకూడదన్నావు. నేను ముప్పై ఒక్క ఏళ్ళు దాటించాను" అన్నాను.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఫరవాలేదు. షీటు తీసుకుని వెనక్కి తిప్పి చదివాను. కళ్ళద్దాల పెట్టెలో వేయలేదు. చొక్కా జేబులో, సగం బయటికి కనపడేలా పెట్టుకుని, పెద్ద వీధిలోంచే నడిచి ఇంటికొచ్చాను.